అడిగినంత అద్దె

మా అక్కతో బేరమాడి గుండీలమ్మేవాడు కూడా నెగ్గలేదు. వాడే విసిగిపోయి, నాలుగు గుండీలు ఎక్కువే వేసి, దణ్ణం పెట్టి పోయేవాడు. సముద్రం పక్క ఊళ్లో ఒంటిగది అద్దెకు తీసుకుని, కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుని, బావ పోయాక కూడా ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికింది. విదేశీ టూరిస్టులు రావడం మొదలైన కొత్తలో సంబరపడింది కూడా. వాళ్ల చిరిగిన సంచులూ ఊడిన జిప్పులూ అక్క దగ్గరికే వచ్చేవి.

తర్వాత ఆ వీధిలో ఇళ్లు ఒక్కొక్కటీ వాళ్లకు రోజు అద్దెకిచ్చే గదులైపోయాయి. బడిలో పిల్లలు తగ్గిపోయారు. కిరాణా కొట్టు మూతపడింది. పలకరిద్దామంటే తెలిసిన మొహం లేదే అని అక్క ఫోనులో వాపోయేది. చివరికి తన గది కూడా ఖాళీ చేయమన్నారు.

మా ఊరికి టూరిస్టు దారి తప్పి కూడా రాడు. సిమెంటు ఫ్యాక్టరీ తప్ప చూడటానికేముంది గనక! అందుకే ఇక్కడికొచ్చేయమని నేనే పిలిచాను. మా పక్క వాటా ఖాళీగా ఉంది. ఇంటాయన మేమిచ్చేదానికి దాదాపు రెట్టింపు చెప్పాడు. బేరం కోసమే అంత చెప్పాడని ఆయన మొహమే చెబుతోంది. అక్క మాత్రం వెంటనే సరేనంది. అక్కడి అద్దెల ముందు తనకది చవకే, పైగా గది కోసం తిరిగి తిరిగి అలిసిపోయింది.

నెల తిరక్కుండానే ఇంటాయన మా గుమ్మంలో నిలబడ్డాడు.

“మీ అక్క మారు మాట్లాడకుండా ఇస్తోంది కదమ్మా. మీరూ అంతే ఇవ్వండి, లేదా ఖాళీ చేయండి. ఆ సముద్రం వైపు నుంచి ఇంకా చాలామంది అడుగుతున్నారు.”

అక్క మిషను ఆపి అంతా విన్నది. ఆయన వెళ్లాక, “నేనే ఎక్కడికైనా పోతాలేవే, మీరుండండి,” అంది. నాకు ఒళ్లు మండింది. చేసిందంతా చేసి, ఇప్పుడు పోతే మాత్రం అద్దె దిగుతుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. అక్క మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తిరిగి తిట్టినా బాగుండేది.

మా ఆయన ఇల్లు వెతుక్కుంటూ ఇంకా లోపలి ఊళ్లలో తిరిగాడు. ఒక సాయంత్రం వచ్చి, దొరికిందన్నాడు. ఎంతకని అడిగితే, ఇక్కడితో పోలిస్తే చవకే, బేరమాడకుండా ఒప్పేసుకున్నానన్నాడు.

అక్కడ పక్క వాటాలో ఎవరుంటున్నారని నేను అడగలేదు.