నేను చల్లేసిన తంగేడు

ఉద్యమం రోజుల్లో ఓ సద్దుల బతుకమ్మ నాడు కోరుట్ల నుంచి ధర్మపురికి బైక్ ర్యాలీ తీశాం. ఉన్నవి నలభై బండ్లు. నా బండి పొగకు గోదావరి ఒడ్డున కొంగలు కూడా దగ్గాయి.

సిరిసిల్ల అత్తగారింటి నుంచి ఐదేళ్ల తర్వాత పండుగకు వచ్చిన అక్క, బయల్దేరేముందు నా చేతిలో సంచి పెట్టింది.

"తమ్మీ, గోదారి దిక్కు తంగేడు మస్తుంటది. సంచి నిండ తే. పొద్దుగూకకముందే రావాలె, ఇన్నవా?"

"సంచేంది అక్కా, ట్రాక్టర్ నిండ తెస్త!"

తిరుగుదారిలో బండి ఆపి నిజంగానే సంచి నిండా కోశాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరూరా జనం రోడ్డు మీదికొచ్చి జై తెలంగాణ అంటుంటే నాకు ఒళ్లు తెలియలేదు. పిడికిళ్లతో వాళ్ల మీద పూలు చల్లుతూ పెళ్లికొడుకులా ఊరేగాను. జగిత్యాల దాటేసరికి సంచి ఖాళీ.

అక్క ఆ సంచిని తిరగేసి దులిపి చూసింది.

"తెలంగాణ తెస్తనని పోయి తంగేడు సుత తేకపోతివి గదరా!" అని నవ్వింది.

వాడలో ఆడవాళ్లంతా నడుమెత్తు బతుకమ్మలతో బయల్దేరారు. అక్క పెరట్లోని బంతిపూలతో జానెడు బతుకమ్మ పేర్చుకుని అందరి వెనకా నడిచింది. ఆ తర్వాత వాళ్ల అత్తగారు మంచాన పడ్డారు. అక్క మళ్లీ పండుగకు రాలేదు.

ఆ ర్యాలీ గురించి చెప్పిన ప్రతిసారీ బండ్లు పెరిగి ఇప్పటికి నాలుగు వందలయ్యాయి. అక్క బతుకమ్మను మాత్రం వేలెడు కూడా పెంచలేకపోయాను.