గోడ లోపలికి పోయిన ఇప్పచెట్టు

భద్రాచలం అడవి అంచున, పేదల అభివృద్ధి మీద పరిశోధన చేయడానికని కట్టిన సంస్థలో నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. ఊళ్లలో ఇంటింటికీ తిరిగి ఏం తింటున్నారు, ఏం అమ్ముకుంటున్నారు అని అడగడం నా ఉద్యోగం. మా ఊరు ఆ సంస్థ ప్రహరీ గోడ అవతలే. ఆ క్యాంపస్ అంటేనే నాకు ఒళ్లుమంట. లాన్‌కి రోజూ నీళ్లు పెడతారు. మా ఊరి బోరింగు బాగు చేయించమంటే మాత్రం అది తమ పరిధిలోకి రాదంటారు.

గోడ కట్టినప్పుడు మా ఇప్పచెట్టు లోపలికి పోయింది. మా వైపు నేల ఎవరిదైనా సరే, ఏ చెట్టు పూలు ఏ ఇంటివో ఊరంతటికీ తెలుసు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు వంగరు. ఆ చెట్టు మా అమ్మకు వాళ్ల అత్త నుంచి వచ్చింది. పూత కాలంలో తెల్లవారుతూనే గేటు దాటి వచ్చి ఏరుకునేది. వాచ్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఈ ఏడు పూలు రాలకముందే అమ్మ చెట్టు కింద ఎండుటాకులు ఊడ్చి కుప్పచేసి అంటించింది. పూలు ఆకుల్లో కలిసిపోకుండా అందరూ చేసే పనే. లోపల హాల్లో అడవి ఉత్పత్తుల మీద సదస్సు నడుస్తోంది. పొగ చూసి డైరెక్టర్ గారు అతిథులతో సహా పరుగెత్తుకొచ్చారు. అంత చదివినాయనకు అది చెట్టునే తగలబెట్టడంలా కనబడింది.

“మీ అమ్మగారికి చెప్పండి. ఇంకోసారి లోపల కనిపిస్తే పోలీసులకు అప్పగిస్తాం” అన్నారు నాతో. ఎదురుగా ఉన్న మనిషికి నేను చెప్పాలట, ఆమెకు తెలుగు రానట్టు.

“జాగ మీదే సారూ. చెట్టు మాది” అంది అమ్మ.

ఆయన నవ్వారు. అతిథులూ నవ్వారు. ఇది మా కట్టుబాటని నేను చెప్పబోతే, “మంచి పాయింట్, రిపోర్టులో రాయండి” అని, అమ్మను గేటు బయటికి పంపించారు. ఆ పూతంతా గడ్డి మీద పడి కుళ్లింది. ఊడ్చి చెత్తబండికి ఎత్తించారు.

వానాకాలం సర్వే మా ఊళ్లోనే పడింది. డైరెక్టర్ గారూ వచ్చారు. పరిచయం ఉంది కదా, మీ ఇంటితోనే మొదలుపెడదామన్నారు. తడిక వేసి ఉంది. పిలిచాను. అమ్మ సందులోంచి నా మెడలో కార్డు వైపు చూసింది.

“ఇంటికొస్తే రా బిడ్డా, బువ్వ తిందువు. డ్యూటీకొస్తే గట్లనే పో.”

నా వెనక ఆయన పెన్ను తీసుకుని నిలబడే ఉన్నారు. నేను పక్కింటికి నడిచాను. ఆ తడికా వేసే ఉంది.