తెల్ల పడవ మీద ఫొటో

మా తోటికోడలు యూరప్ టూరుకెళ్లి, ఫ్రాన్సులోని ఆంటిబ్ అనే ఊరి పాత రేవులో తెల్లటి పడవ మీద నిలబడి ఫొటో దిగి వచ్చింది. నరసన్నపేటలో ఆ ఫొటో చూడనివాళ్లు లేరు. ఏడాదిపాటు నాకు కడుపు మండిపోయింది. రిటైరైన మా ఆయన ప్రాణాలు తోడేసి, పోయిన వేసవిలో నేనూ ఆ రేవుకు చేరాను.

పాత కోట, నీలం సముద్రం నాకెందుకు? తెల్ల పడవ కావాలి! మా భావనపాడు సముద్రపు ఒడ్డున ఎవరి పడవైనా ఎక్కి ఫొటో దిగుతాం, ఎవరూ ఏమీ అనరు. ఆ ధైర్యంతోనే ఒకటి ఎక్కేశాను. మా ఆయన ఫొటో తీశారో లేదో, లోపలి నుంచి తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి అరుస్తూ వచ్చాడు. కంగారులో నా చీర కొంగు రెయిలింగుకు చిక్కుకుంది. రేవంతా చూస్తుండగా ఆ పెద్దమనిషే దాన్ని విడదీసి, వేలితో గట్టు చూపించాడు.

"వద్దని సెప్తే ఇన్నావేటి?" అన్నారు మా ఆయన.

అవమానం దిగమింగి, ఫొటో మాత్రం తోటికోడలికి పంపాను. నిమిషంలో జవాబొచ్చింది: "శానా బాగున్నాది అక్కా. నిన్ను కూడా తిట్టి దింపేసినాడేటి?"

నేను ఏడాదంతా కుళ్లుకున్నది తిట్లు తిని దిగిన ఫొటో చూసేనా! ఈ సంగతి ఇన్నాళ్లూ మా తోటికోడళ్లిద్దరి మధ్యే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆవిడ ఎక్కిన పడవ నా పడవకన్నా పెద్దది. ఆ మంట మాత్రం ఇంకా చల్లారలేదు.

— ఒక పాఠకురాలు, నరసన్నపేట