మీ దగ్గర్లో ఎవరున్నరు?

ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే కాగిన రెగ్జిన్ వాసన, దానితో కలిసిన పచ్చి పత్తి వాసన ముఖాన కొడతాయి. ఇతరులకు తలనొప్పి వస్తుంది. నాకు సరళ మేడం గుర్తొస్తారు. ఆమె ఉండేది ఆదిలాబాద్, నేనుండేది జమ్మికుంట. ఆమెను ఎదురుగా ఒక్కసారి కూడా చూడలేదు. ఫోను తెర మీద, భుజాల నుంచి పైకి మాత్రమే తెలుసు. కింద కాళ్లున్నాయో రథచక్రాలున్నాయో ప్రమాణం చేసి చెప్పలేను. అయినా ఇవాళ బతికుండి ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే ఆమె చలవే.

నా భార్య మార్త చనిపోయాక నాకు నిద్ర పట్టడం మానేసింది. నేను పత్తి మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం గుమాస్తాను. మా చర్చిలో పెళ్లయినా క్రిస్మస్ అయినా మైకు నాదే. నేను జోకు వేస్తే మార్కెట్ యార్డులో ఎడ్లు కూడా పడిపడి నవ్వి బండ్లు బోల్తా కొట్టించాయని పేరు. మార్తను పూడ్చిన రోజు సమాధుల తోటలో కూడా వచ్చినవాళ్లను నవ్వించే పంపాను. అందరూ గుండె ధైర్యం అన్నారు. హైదరాబాద్‌లో నర్సుగా ఉన్న నా బిడ్డ రూతు మాత్రం అనలేదు.

"బాపూ, నువ్వు నవ్వుతుంటే నాకు భయమైతుంది. ఫోన్ల మాట్లాడే కౌన్సెలర్ ఉన్నది. నా కోసం ఒక్కసారి మాట్లాడు" అని సమయం కూడా తనే ఖాయం చేసింది. నా సంగతి చెప్పబోతే, "వద్దు బిడ్డా, ఆయన చెప్తెనే ఇంట" అన్నారట సరళ మేడం.

మా ఇంట్లో గోడకు అవతల తమ్ముడి కుటుంబం. ఆ గోడ ఎంత పలచనంటే, నేను ఇవతల తుమ్మితే మరదలు అవతల అల్లం చాయ్ పెట్టేది. అందుకే యార్డు వెనక కారు నిలిపి, అద్దాలన్నీ ఎక్కించి కూర్చున్నాను. మంచం మీద పడుకోబెడతారని, కలలు అడుగుతారని, చివరికి సంచెడు మందులు రాస్తారని నా ఊహ. తెర మీదికి వచ్చిన నెరిసిన జుట్టు మనిషి పోలీసు ప్రశ్న వేశారు.

"ప్రభుదాస్ గారూ, ఇప్పుడు ఎక్కడున్నరు? మన మాటలు ఇనేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"నేను, రెండు దోమలు మేడం. అవి కూడా మా చర్చియే, బయట చెప్పయి."

ఆమె నవ్వలేదు. "మీరు చెప్పింది నా తాననే ఉంటది. మీ పానం మీదికొచ్చిందనిపిస్తే మాత్రం ఊకోను, మీ మనిషికి ఫోన్ చేస్త. మీ దగ్గర్లో ఎవరున్నరు?"

నాకు నోటికి వచ్చిన నంబరు ఒక్కటే. "మార్త, నా భార్య" అని అప్పజెప్పాను. ఆమె రాసుకున్నారు. మార్త ఫోను అప్పుడు నా మోకాళ్ల ముందున్న అరలోనే ఉంది. ఆమె పోయిన నాటి నుంచి దానికి ఛార్జింగు పెడుతూనే ఉన్నాను.

తర్వాతి వారాల్లో మేడంను నవ్వించడానికి చేయని ప్రయత్నం లేదు. మార్త చేసే పచ్చిపులుసు ఘాటుకు పక్కింటి పిల్లి దేశాంతరం పోయిన కథ చెప్పాను. ఆమె సలహాలు ఇవ్వలేదు, ఓదార్చలేదు, విన్నారు. నేను ఆగితే ఆమె కూడా ఆగేవారు. నెట్ పోయిందేమోనని ఫోను ఊపేవాణ్ని. "పోలే, ఇక్కడ్నే ఉన్న" అనేవారు. ఒకరోజు అలాగే ఆగి, మెల్లగా అన్నారు:

"పిల్లి ముచ్చట గంత పెద్దగ చెప్పిండ్రు. నిద్ర సంగతి అడిగితే 'జర పడ్తలేదు' అని ఒక్క మాటల ఒడగొట్టిండ్రు. అన్నిట్ని పెంచి చెప్పే మనిషి దీన్నొక్కదాన్నే ఎందుకు తగ్గిస్తుండు?"

"బతుకబుద్ధి అయితలేదు మేడం" అన్నాను. సరిగ్గా అప్పుడే, ఎండకు పెనంలా కాలిన నా ఫోను నల్లబడి ఆగిపోయింది.

నేనన్న ఆ మాట, నేను, మూసిన అద్దాలు మిగిలాం. ఎటు పోదామనుకున్నానో ఇక్కడ రాయను. చేయి తలుపు మీద ఉండగా అరలోంచి కోడి కూసింది.

అది మార్త ఫోను. పాస్టరుగారి ప్రార్థన మధ్యలో కూసి సంఘమంతటి కళ్లూ తెరిపించిన కోడి. ఆమె పోయాక మళ్లీ ఒక్కసారి కూయలేదు. ఎత్తాను.

"మార్తమ్మా? నేను సరళను. మీ ఆయన కార్ల ఒక్కడే ఉన్నడు. మీరు జల్ది ఆయన తానకు పోవాలె."

"మార్త లేదు మేడం" అన్నాను. "సచ్చిపోయింది."

సమాధుల తోటలో మైకు పట్టుకుని 'ప్రభువునందు నిద్రించింది' అన్నాను గానీ, ఈ మాట ఆనాటి దాకా నా నోట రాలేదు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను.

ఆమె ఫోను పెట్టేయలేదు. "ఏడువుండ్రి. ఏడ్చుకుంటనే తలుపు తియ్యుండ్రి. మీ తమ్ముని ఇంటిదాక నడువుండ్రి, నేను లైన్ల ఉంట." మార్త ఫోను చెవికి ఆనించుకుని నడిచాను. అంత పలచని గోడ అవతల ఉన్న తమ్ముడికి నేను ఎన్నడూ ఏడుపు వినిపించనివ్వలేదు. తలుపు తీసిన వాడు నా ముఖం చూసి, "అన్నా!" అని మాత్రం అన్నాడు. మరునాడు కరీంనగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి వాడే తీసుకుపోయాడు. మందులు సంచెడు కాదు, గుప్పెడే. రూతు వచ్చి నాతో కొన్నాళ్లుంది. సరళ మేడంతో మాటలు మాత్రం ఆ తర్వాతే నిజంగా మొదలయ్యాయి.

మా మాటల చివరి రోజున ఆమె అడిగారు: "గా పిల్లి మల్ల వచ్చిందా?"

"రాలే మేడం."

అప్పుడు చిన్నగా నవ్వారు. ఆ నవ్వు వెనకే ఆమె కళ్లు తుడుచుకోవడమూ చూశాను.

ఇప్పుడు యార్డులో ఎవరైనా మరీ ఎక్కువ నవ్విస్తుంటే నేను నవ్వను. పక్కకు తీసుకుపోయి, "నీ దగ్గర్లో ఎవరున్నరే?" అని అడుగుతాను. చెప్పిన నంబరుకు అక్కడే, వాళ్ల ముందే ఫోన్ చేస్తాను. ఎక్కడ మోగుతుందో వినాలి కదా.