తుంచని రొట్టె కొస

ముప్పైనాలుగేళ్ళు మా సముద్రపు ఒడ్డు ఊరు హమ్మామ్‌లిఫ్‌లో ఉత్తరాలు పంచిన మనిషి మా ఆయన మొఖ్తార్. ఆయన పిక్క రుచి చూడని కుక్క ఊళ్ళో లేదు. అలాంటివాడు రిటైరైన ఏడాదికి, రైల్వే స్టేషన్లో వానకు వణుకుతున్న కుక్కపిల్లను కోటులో దాచుకుని ఇంటికి తెచ్చాడు.

"మతి పోయిందా నీకు? వీధిలో కరిపించుకున్నది చాలక ఇంట్లో కూడానా?" అన్నాను.

"ఇది కరవదు మోంజియా. దీని కళ్ళు చూడు."

"కళ్ళతో కరుస్తుందేమిటయ్యా!"

గడప దాటి లోపలికి రాకూడదన్న షరతు మీద ఒప్పుకున్నాను. ఫిల్‌ఫిల్ అని పేరు పెట్టాడు, మిరపకాయ అని. చలి ముదిరాక వరండాలో నా ఉన్ని దుప్పటి పరిచింది ఎవరంటే, నేనే. ఆ సంగతి ఆయన ముందు అనకండి.

రోజూ పొద్దున్నే దాన్ని తీసుకుని తన పాత తపాలా దారినే నడుస్తాడు. ఇంకో దారి ఆయన కాళ్ళకు తెలియదు. ప్రతి గేటు దగ్గరా ఆగుతాడు, కుక్కా ఆగడం నేర్చింది. పంచడానికి ఉత్తరాలు లేవు కనక తిరిగొచ్చి నాకు కబుర్లు పంచుతాడు. దర్జీ వాళ్ళ గోడ మళ్ళీ చెమ్మెక్కిందట. మేడమీద వాళ్ళ బట్టలు మూడు రోజులుగా తీగ మీదే ఉన్నాయట, ఆరితే కదా. సముద్రం రోడ్డు మీదకు నాచు విసిరిందట. బూకర్నీన్ కొండకు కొమ్ముల్లాంటి శిఖరాలు రెండూ మబ్బులో మునిగాయట, సాయంత్రానికి వాన ఖాయమట. మూలింటి నారింజలు గోడ ఇవతలకు వేలాడుతున్నాయంటూ జేబులోంచి ఒకటి తీసి బల్ల మీద పెడతాడు.

జనవరిలో ఒకరోజు కబుర్లేమీ చెప్పలేదు. కాఫీ చల్లారిపోతున్నా అలాగే కూర్చున్నాడు.

"తొమ్మిదో నంబరు గేటుకున్న సంచిలో నాలుగు రొట్టెలున్నాయే. నాలుగూ నిండు రొట్టెలే."

మా ఊళ్ళో మిగిలిన రొట్టెను చెత్తలో పారేయం, పాపం తగులుతుంది. సంచిలో వేసి గేటుకు తగిలిస్తే గొర్రెలవాడు పట్టుకెళ్తాడు. అయితే ఆ సంచుల్లో ఉండేవి ఎండు ముక్కలు.

తొమ్మిదో నంబరు జకియాది. ఆ పేరెత్తితేనే నాకు ఒళ్ళు మంట. నా కూతురి పెళ్ళిలో, నలుగురి ముందూ, నేను వండిన గోధుమరవ్వ కుస్కుస్ ముద్దకట్టిందని అంది. పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆమెకు తోడుగా ఉన్న అక్క దలీలా అక్టోబరులో పోయినప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడి వచ్చేశాను.

"పొగరు! తాజా రొట్టె గొర్రెలకు వేయగలనని ఊరికి చూపించుకోవడం," అన్నాను.

"పొగరు కాదేమో. మనిషి బాగా చిక్కిపోయింది. ఒకసారి వెళ్ళి చూడరాదూ?"

"చచ్చినా వెళ్ళను."

ఆ వారమే వానలో తడిసి ఆయన జ్వరం తెచ్చుకున్నాడు. కుక్కేమో తలుపు గోకుతోంది. పొయ్యి మీద ఉడుకుతున్న శనగలు చూస్తూ ఉండమని ఆయనకు చెప్పి, తిట్టుకుంటూ శాలువా కప్పుకుని నేనే బయల్దేరాను. ఫిల్‌ఫిల్ ప్రతి గేటు ముందూ కూర్చుని, ఒక ఉత్తరం ఇచ్చేంత సేపు ఉండి, లేచేది.

"నడవవే, నీకేమన్నా పింఛను ఇస్తారా?" అన్నాను.

తొమ్మిదో నంబరు దగ్గర కూర్చున్నది మాత్రం లేవలేదు. లాగినా కదల్లేదు. సంచి నా ముక్కు ముందే వేలాడుతోంది. ఎవరూ చూడటం లేదు కదా అని మూతి విప్పాను. కర్రల్లా పొడుగాటి రొట్టెలు మూడు. ఒక్కదానికీ కొస తుంచలేదు.

బేకరీలో వేడి రొట్టె కొని, దారిలో కొస తుంచి నోట్లో వేసుకోకుండా ఇల్లు చేరే మనిషి మా దేశంలో ఇంకా పుట్టలేదు. చిన్నప్పుడు నేను కొస ఉన్న రొట్టె తెస్తే, జ్వరమేమోనని మా అమ్మ నుదురు పట్టుకు చూసేది. జకియా రోజూ రొట్టె కొంటోంది కానీ తినడం లేదు. ఇలాగే సాగితే ఈ చలికాలం దాటదు. నేనేమో దానికి పొగరని పేరు పెట్టాను. నా మీద నాకే అసహ్యమేసింది.

గబగబా ఇంటికొచ్చి శనగల చారులో జీలకర్ర, వెల్లుల్లి, కారం ముద్ద కలిపి, గిన్నెతో సహా వెళ్ళి ఆమె తలుపు బాదాను. తీసింది జకియానే. ఒంటి మీద బట్టలు వేలాడుతున్నాయి.

"నువ్వా?" అంది.

"నేనే. ఇప్పుడు రమ్మంటావా, చారు చల్లారాక రమ్మంటావా?"

"నాకు ఆకలి లేదు."

"నీ ఆకలి సంగతి ఎవరడిగారు? జరుగు, చేతులు కాలుతున్నాయి."

గేటు సంచిలోంచి తీసుకొచ్చిన రొట్టెను చారులోకి తుంచబోతే నా చెయ్యి పట్టుకుంది.

"కొస ముట్టుకోకు. ఒకటి అక్కది, ఒకటి నాది. నలభై ఏళ్ళు బేకరీ నుంచి తింటూనే వచ్చేవాళ్ళం. ఇప్పుడూ పొద్దునయ్యేసరికి కాళ్ళు వాటంతటవే వెళ్ళి కొనుక్కొస్తున్నాయి. నోట్లో పెట్టుకుందామంటే అక్క గుర్తొస్తుంది. ఎట్లా మింగను, మోంజియా?"

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చేశాను. కొసలు రెండూ పక్కన పెట్టి నడిమి భాగమే గిన్నెలోకి తుంచాను. మొదటి చెంచా గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. నాలుగో చెంచాకు తలెత్తింది.

"ఉప్పు తగ్గింది."

ఇంకో రోజైతే ఆ గిన్నె నెత్తిన బోర్లించేదాన్ని. "వేసుకో మరి. మీ ఇంట్లో ఉప్పెక్కడుందో నాకేం తెలుసు?" అన్నాను.

జ్వరం తగ్గినా కుక్క తాడు ఆయనకు తిరిగివ్వలేదు. ఆయన మొహం మాడ్చుకుంటే, వెనకాల నడవమన్నాను. రోజూ తొమ్మిదో నంబరు దగ్గర ఆగి ఇంత వేడివేడిగా పెట్టి వచ్చేదాన్ని. ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో ఏదో ఒకటి అనేది. సంచిలో నిండు రొట్టెలు తగ్గుతూ వచ్చాయి.

ఫిబ్రవరిలో, వాన వెలిసిన పొద్దున, దర్జీ వాళ్ళ బాదం చెట్టు పూత చూస్తూ నిలబడ్డాం. జకియా బేకరీ వైపు నుంచి వస్తోంది. చంకలో రొట్టె, శాలువా నిండా రొట్టె పొడి. ఒక కొస లేదు.

"సిగ్గులేదూ? ఇల్లు చేరేదాకా ఆగలేవూ?" అన్నాను.

జవాబు చెప్పడానికి నోరు ఖాళీగా లేదు. నమిలి మింగి, రొట్టెను రెండో వైపుకు తిప్పి, అక్క కొస తుంచి నా చేతిలో పెట్టింది.

"తిను, చల్లారిపోతుంది," అంది.