దిగనని మొండికేసిన కుర్చీ

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం నేనెక్కడున్నానో చెబితే మీరు టీ ఒలకబోసుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక షోరూం రెండో అంతస్తులో, పళ్ల డాక్టరు కుర్చీలో, గాల్లో ఇరుక్కుపోయి ఉన్నాను! పంటి నొప్పేం లేదు. అసలు నాకు మిగిలిన పళ్లే తక్కువ. ఆ పూట ప్రమాదంలో పడింది మా కోడలి ఉద్యోగం. పడేసిందెవరో కాస్త ఓపిక పడితే చెబుతాను.

మా కోడలు స్రవంతిని మీలో కొందరు చూసే ఉంటారు. పొద్దున్నే హెల్మెట్ పెట్టుకుని, స్కూటీ ముందు బ్రోచర్ల సంచీ పెట్టుకుని వనస్థలిపురం నుంచి బయల్దేరే అమ్మాయి. వాళ్లది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె, మాది తెనాలి వైపు. ఇంట్లో ఆమె 'ఎట్ల' అంటుంది, మా ఆవిడ 'ఎలా' అంటుంది. మా అబ్బాయి ఎవరు వడ్డిస్తే వాళ్ల యాసలో మాట్లాడతాడు. సరే, అది వేరే కథ.

స్రవంతి పళ్ల డాక్టర్లకి కుర్చీలూ ఎక్స్‌రే మిషన్లూ అమ్మే కంపెనీలో సేల్స్ చూస్తుంది. జీతం కొంచెమే, మిగతాదంతా ఇన్సెంటివ్. టార్గెట్ అందితే ఇంట్లో బిర్యానీ, అందకపోతే స్కూటీలో పెట్రోలు కూడా చూసి పోయించుకోవాలి. నాకీ పద్ధతి మింగుడు పడదు. నేను ముప్పై ఏళ్లు గవర్నమెంటు ఆఫీసులో చేశాను. ఎండ కాసినా వాన పడినా ఒకటో తారీఖుకి జీతం వచ్చేది. పని చేసినా వచ్చేది, చెయ్యకపోయినా వచ్చేది. ఆ రెండోదానికి మా సెక్షన్‌లో బోలెడు మంది సాక్షులున్నారు.

అందుకే మా కాలనీ స్కూలు ఆఫీసులో ఖాళీ ఉందని తెలియగానే, ఎవరూ అడక్కుండానే వెళ్లి కరస్పాండెంట్‌తో మాట్లాడి వచ్చేశాను.

"ఇంటి పక్కనే అమ్మా! నెలనెలా జీతం, పీఎఫ్, దసరా సెలవులు" అన్నాను.

"గాడ నేనేం చెయ్యాలె మామయ్యా? పొద్దుగాల్నుంచి ఫీజు రసీదులు రాసుడేనా?"

"రసీదులకి టార్గెట్ ఉండదమ్మా!"

ఎప్పుడూ నాతో వాదించే పిల్ల, ఆ రోజు బేరానికి దిగింది. ఆరు నెలలుగా టార్గెట్ అందలేదు మరి. "శనివారం ఒక డెమో ఉన్నది. ఆ కుర్చీ అమ్ముడుపోతే ఈ ఉద్యోగంలనే ఉంట. పోకుంటె సోమవారం పోయి మీ స్కూల్ల చేరుత. గని మీరు నాకొక సాయం చెయ్యాలె."

సంగతేమిటంటే, కొనబోయే డాక్టరమ్మ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లేనట. ఈ కుర్చీ బాగా కిందికి దిగుతుందట, పెద్దవాళ్లు పీట మీంచి లేచినంత సులువుగా లేవచ్చట. అయితే ఆ దిగడమేదో కళ్లారా చూస్తే గానీ కొననందట డాక్టరమ్మ.

"మీ మోకాళ్లు మస్తు పనికొస్తయ్ మామయ్యా!"

నా మోకాళ్లని ఎవరైనా మెచ్చుకుని ఎన్నేళ్లయిందో! ఒప్పేసుకున్నాను.

స్కూటీ వెనక కూర్చుని బయల్దేరాను. ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగగానే స్రవంతి వేలు పెట్టి చూపించింది. "ఆ పైన పన్ను బొమ్మ బోర్డు ఉన్నది సూడుండ్రి! లోపల కుర్చీ నేనే ఇచ్చిన." కొత్తపేట రాగానే ఇంకోటి. "గీ డాక్టర్‌ది ఫస్ట్ క్లినిక్. ఓపెనింగ్ నాడు కుర్చీకి పూలదండ ఏసి, నాతోనే కొబ్బరికాయ కొట్టిచ్చిండు!" నేను అక్కడి పాత పండ్ల మార్కెట్ గురించీ, మామిడికాయల సీజన్లో ఆ రోడ్డంతా వచ్చే వాసన గురించీ మొదలుపెట్టాను. "హెల్మెట్ల వినపడ్తలేదు మామయ్యా" అంది. నేను మొదలుపెడితే ఆ హెల్మెట్ బాగా పనిచేస్తుంది.

వెనక కూర్చుని ఆలోచనలో పడ్డాను. ముప్పై ఏళ్లు ఈ రోడ్డు మీదే ఆఫీసుకి వెళ్లొచ్చాను. ఇది నేను చేసిందని చూపించడానికి ఒక్కటంటే ఒక్కటి లేదు. పోనీ మా ఆఫీసు బిల్డింగైనా చూపిద్దామంటే దాన్నీ కూలగొట్టేశారు.

షోరూం చేరాం. కింది అంతస్తులో కోచింగ్ సెంటర్. మెట్ల నిండా చెప్పులే చెప్పులు! షోరూం తలుపు మీద 'చెప్పులు బయట విడువగలరు' అని బోర్డు. ఇక్కడ నా బాధ మీకు చెప్పాలి. ఆ ముందు వారమే గుళ్లో నా చెప్పులు పోయాయి. పోతే పోయాయి, వాటి చోట ఎవరివో రెండు ఎడమ కాలి చెప్పులు మిగిలాయి! అందుకని కొత్తగా తోలు చెప్పులు కొనుక్కున్నాను. వాటిని ఆ గుంపులో వదలడమా? నా జేబులో రైతు బజార్ కవర్ ఎప్పుడూ ఉంటుంది. చెప్పులు అందులో చుట్టుకుని లోపలికి తెచ్చేశాను. స్రవంతి డాక్టరమ్మని పలకరించే లోపల ఆ కవర్‌ని ఒక భద్రమైన చోట పెట్టేసి కుర్చీ ఎక్కాను.

ఏం కుర్చీ అండీ అది! మా తెనాలి స్లీపర్ బస్సులు దీని ముందు ఎందుకూ పనికిరావు. స్రవంతి ఒక బటన్ నొక్కితే వీపు వాలింది, ఇంకోటి నొక్కితే మొత్తం పైకి లేచింది. డాక్టరమ్మ లైటు వేసి నా నోట్లోకి చూసి, "అంకుల్, ఈ పన్ను తీసేయాలె" అంది. డెమోలో కూడా!

"ఇప్పుడు సూడుండ్రి మేడం, ఎంత కిందికొస్తదో!" అని స్రవంతి హుషారుగా బటన్ నొక్కింది.

కుర్చీ దిగింది, దిగింది, ఆగింది. ఆగి, జానెడు పైకి లేచింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే. మూడోసారి వేలితో కాదు, అరచేత్తో నొక్కింది. దిగనంటే దిగనని మొండికేసింది కుర్చీ.

"బరువెక్కువైందేమో?" అంది డాక్టరమ్మ నా పొట్ట వైపు చూస్తూ.

ఇక ఊరుకుంటానా! ఎప్పుడో చదివినా నేను బీఎస్సీ ఫిజిక్స్. పడుకునే అందుకున్నాను. "బరువు కాదమ్మా. ఇది వోల్టేజీ సమస్య. కాకపోతే ద్రవాల పీడనం. మేం కాలేజీలో చదివే రోజుల్లో మా లెక్చరర్ ఒకాయన..."

"మామయ్యా, జర ఆగుండ్రి" అంది స్రవంతి. గొంతులో తేడా తెలిసింది.

సర్వీసు ఇంజనీరుకి ఫోన్ చేసింది. ఆయన ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో ఉన్నాడు. ప్లగ్గు పీకి పెట్టింది, బ్రోచరు తిరగేసింది. పాపం పిల్ల పరేషాన్! పైనుంచి నాకు ఆమె ముఖం బాగా కనిపిస్తోంది. నిజానికి నేను కోరుకున్నది అదే కదా? కుర్చీ పోకపోతే స్కూలు ఉద్యోగం. పీఎఫ్. దసరా సెలవులు. కానీ రోడ్డు మీద బోర్డులు చూపించినప్పటి ముఖం, ఇప్పటి ముఖం పక్కపక్కన పెట్టి చూసుకుంటే నా పీఎఫ్ నాకే చేదుగా అనిపించింది. "ఓరి దేవుడా, ఈ ఒక్కసారికి దించు. నేను మళ్లీ ఆ స్కూలు మాటెత్తను" అని మొక్కుకున్నాను. నన్ను దించమని కాదు, కుర్చీని దించమని!

డాక్టరమ్మ చేతి గడియారం చూసుకుంది. "నా క్లినిక్ టైమైంది స్రవంతీ. ఇంకోసారి చూద్దాంలే." ఆ 'ఇంకోసారి'కి అర్థమేమిటో సేల్స్‌లో లేని నాకే తెలిసింది. అయితే ఆవిడ మంచి మనిషి. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ముందు అంకుల్‌ని దింపుదాం. నేల జారుతుంది, చెప్పులేసుకుని దిగుతరు. అంకుల్, మీ చెప్పులెట్లుంటయ్? నేను తెస్త."

అప్పుడు గుర్తొచ్చింది. నోరు తెరిచాను. ఈసారి పళ్లు చూపించడానికి కాదు.

"బయట లేవమ్మా. కింద ఉన్నాయి."

"కింద మెట్ల దగ్గరనా?"

"కాదమ్మా... నా కింద."

ఇద్దరూ ఒకేసారి వంగారు. రైల్లో బెర్తు కింద దాచుకున్నట్టు, కుర్చీ కింద నా రైతు బజార్ కవర్!

స్రవంతి దాన్ని బయటికి లాగి బటన్ నొక్కింది. కుర్చీ వెన్నలా దిగి, నా పాదాలని నేల మీద పెట్టింది. మా కోడలు నా వైపు చూసిన చూపు రాయడానికి నాకు చదువు చాలదు.

"స్రవంతీ, ఆ చెప్పులు మళ్లీ పెట్టు" అంది డాక్టరమ్మ.

"సారీ మేడం, మా మామయ్య..."

"అరే, పెట్టు! అంకుల్, మీరు ఎక్కుండ్రి."

పెట్టింది. ఎక్కాను. కుర్చీ దిగింది, కవర్ తగలగానే ఆగింది, జానెడు పైకి లేచింది. డాక్టరమ్మ కవర్ తీసి తన హ్యాండ్‌బ్యాగ్ పెట్టి చూసింది. బ్యాగ్ మీద గీత కూడా పడలేదు.

"నా పాత కుర్చీ దించినప్పుడు దాని కింద ఇరుక్కుని అసిస్టెంట్ స్టూల్ విరిగింది. తల్లులతో చిన్న పిల్లలొస్తరు, కుర్చీ కిందికి దూరి ఆడుకుంటరు. కుర్చీ దించినప్పుడల్లా నాకు భయమే. ఇదైతే కింద ఏదన్న తగిలితే దానంతటదే ఆగుతది. గింత మంచి సంగతి నువ్వు ఒక్కసారి కూడా చెప్పలేదేంది?"

"బ్రోచర్ల చివరి పేజీల ఉన్నది మేడం" అంది స్రవంతి చిన్న గొంతుతో. "అందరూ లైటు గురించే అడుగుతరని... నేనూ ఎన్నడు పెట్టి సూడలె."

డాక్టరమ్మ రేటు దగ్గర గీచిగీచి బేరమాడి, పైన ఒక స్టూల్ కూడా ఉచితంగా రాయించుకుని, ఆర్డర్ ఇచ్చింది. టార్గెట్ అందింది. ఇంటికొచ్చే దారిలో స్రవంతి ఏ బోర్డూ చూపించలేదు, స్కూటీ మీద ఒకటే నవ్వు. నేను భయపడి బండి గట్టిగా పట్టుకున్నాను.

సోమవారం స్కూలుకెళ్లి, మా కోడలు రాదని చెప్పాను. "పోనీ మీరు చేరకూడదా?" అన్నాడు కరస్పాండెంట్. తప్పించుకుని ఇంటికొస్తే గుమ్మంలో స్రవంతి.

"మామయ్యా, గా తోలు చెప్పులు నాకియ్యుండ్రి. ఇగ ప్రతి డెమోల కుర్చీ కింద పెట్టి సూపిస్త."

"కొత్తవమ్మా!"

"కొత్తయైతెనే మంచిగ కనపడ్తయ్."

మొన్న మా ఆవిడతో బస్సులో వెళ్తుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ డాక్టరమ్మ క్లినిక్ కనిపించింది. ఆగలేకపోయాను. పక్కసీటాయనకి వేలు పెట్టి చూపించి, "లోపలి కుర్చీ మేమే ఇచ్చాం" అన్నాను. ముందు ఆడవాళ్ల సీట్లోంచి మా ఆవిడ వెనక్కి తిరిగి, బస్సంతా వినేలా, "మీరు కాదు, మీ చెప్పులు!" అంది.

నిజమే. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు దక్కని ఉద్యోగ సంతృప్తి వాటికి ఒక్క పూటలో దక్కింది. స్రవంతి రోజూ పొద్దున్నే వాటికి పాలిష్ వేసి, ఏసీ షోరూంకి తీసుకెళ్తోంది. నేను మాత్రం ఊరంతా బాత్రూం స్లిప్పర్లతో తిరుగుతున్నాను.