పదకొండో పేజీలో జాన్‌బాబు

“అది జాన్‌బాబు గారి తప్పు కాదండీ, నా తప్పు. ముందే చెప్పేస్తున్నా. ఈ సంగతి ఎవరికి చెప్పినా సగంలోనే ఆయన్ని ఒక మాట అనేస్తారు.”

ఇఫ్రా గోడకున్న మేకుకు వేలాడుతున్న అరచేతి వెడల్పు సర్క్యూట్ బోర్డును తీసి దుర్గాప్రసాద్ చేతికిచ్చింది. మైలవరం రోడ్డులోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె లెక్చరర్. అతను ల్యాబులో యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి వచ్చాడు. మార్చడం అయిపోయింది గాని, అవి ఓ గంట ఛార్జి ఎక్కితే తప్ప కదలడానికి లేదు. చదివింది పదో తరగతే అయినా, చేతికందిన ప్రతి పెట్టె మూతా విప్పి పని నేర్చుకున్న మనిషి. బోర్డును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

“చిప్పులన్నీ రాగి గీతల వైపు కూర్చున్నాయేంటి మేడం? రెండో వైపు కదా ఉండాల్సింది?”

“పట్టేశారే. తొమ్మిదేళ్ళలో మా స్టూడెంట్లు ఇద్దరే పట్టుకున్నారు. కూర్చోండి, టీ చెప్తాను.”

ఇఫ్రాది పెడన. నాన్న జాహిద్ కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాడు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. బట్ట మీద నెమలి కుడివైపు చూడాలంటే చెక్క మీద ఎడమవైపు చూడాలి. ఆ చెక్కపొట్టులోనే ఆడుకుంటూ పెరిగిన పిల్ల, ఏడేళ్ళకే తన పేరును తిరగేసి రాసేది. బళ్ళో టీచరు ఆ పలక చూసి కంగారుపడి కబురు పంపితే, తల్లి ఆమినాబీ వెళ్ళి, “మా ఇంట్లో అందరూ అట్లాగే రాస్తారండీ” అని నిదానంగా చెప్పి వచ్చింది.

విజయవాడలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. తొంభై ఎనిమిదిలో ఆఖరి ఏడాది. కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. చిప్పుల్నీ బోర్డుల్నీ కంప్యూటర్లో గీసే సాఫ్ట్‌వేర్ తయారుచేసే బెంగుళూరు కంపెనీ ఒకటి విద్యార్థులకు పోటీ పెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌తో ఏదైనా పనికొచ్చే బోర్డు డిజైన్ చేసి, చేయించి, రిపోర్టుతో సహా పంపాలి. గెలిచిన ముగ్గురికి చిప్ డిజైన్‌లో ఎంటెక్ చదువంతటికీ స్కాలర్‌షిప్.

ఇఫ్రా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. చిప్పు లోపల గీతలు ఎలా గీస్తారో నేర్చుకోవాలని రెండేళ్ళుగా ఆశ. కాని వాళ్ళ అబ్బా జాహిద్ ముందే చెప్పేశాడు: “ఇంజనీరింగ్ దాకా లాక్కొచ్చాను బేటీ. ఆపైన నా ఉలికి అందదు.” అందులో కోపమూ లేదు, బాధా లేదు. చెక్క ఎంత లోతు చెక్కనిస్తుందో చెప్పినట్టు చెప్పాడంతే. అంచేత ఆమెకు ఆ స్కాలర్‌షిప్ వస్తే చదువు, రాకపోతే లేదు.

కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కొట్టే యంత్రం ఆగిపోతే, ఎవరూ చూసుకోక, తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలిపోయేవి. యంత్రం ఆగిన నిమిషంలో గంట మోగించే బోర్డు చేద్దామనుకుంది. ల్యాబులో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు ఒక్కటే. వంతు వచ్చినప్పుడల్లా కూర్చుని, ఒక గీత ఇంకో గీతను తాకకుండా, నెల రోజులు గీసింది. గీసింది తప్పు లేకుండా ఉందని సాఫ్ట్‌వేరే సరిచూసి చెప్పింది. ఇక ఆ గీతల్ని రాగి మీదికి దించడానికి ఫిలిం మీద ప్రింటు తియ్యడమే. తెర మీద, బొమ్మను అద్దంలోలా తిప్పమంటారా అని ఒక గడి కనిపించింది. ఇఫ్రా టిక్కు పెట్టింది.

“ఆలోచించాను కూడా కాదండీ. అచ్చుకిచ్చేది తిరగేసి ఇవ్వాలి, ఇంకెట్లా ఇస్తారు? మా ఇంట్లో తాతల నాటి నుంచి అంతే.”

“అమ్మో. ఫిలిం సూటిగానే ఇవ్వాలి కదా.”

“మీకు తెలుసు. నాకు తెలీదుగా.”

బోర్డులు చేసేది ఆటోనగర్‌లో జాన్‌బాబు. స్టెబిలైజర్ల వాళ్ళకూ కాలేజీ పిల్లలకూ ఆయనే. ఫిలిం తీసుకుని ట్యూబులైటు కింద పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు.

“ఇట్లాగేనామ్మా?”

“ఇట్లాగే సార్.”

ఆయన ఫిలింను సొరుగులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులకు బోర్డు ఇచ్చాడు. తళతళలాడుతోంది. చిప్పు పెట్టబోతే ఒకటో కాలు ఉండాల్సిన చోట ఎనిమిదో కాలు పడుతోంది. ఏ చిప్పు చూసినా అంతే. అద్దంలో చూసుకున్నట్టు బోర్డు మొత్తం తిరగబడింది. పోటీకి పంపాల్సిన గడువు ఆరు రోజులే ఉంది. మళ్ళీ చేయిద్దామంటే రాగి రేకులు మద్రాసు నుంచి రావాలి, పది రోజులు పడుతుందన్నాడు జాన్‌బాబు.

ప్రాజెక్టు చూసే పద్మశ్రీ మేడం బోర్డు చూడగానే తేల్చేసింది. “ఆ జాన్‌బాబు ఫిలిం తిరగేసి పెట్టాడు. రిపోర్టులో అట్లాగే రాసెయ్, తయారీలో లోపం అని. నీ డిజైన్‌కి మచ్చ రాదు. ఇకముందు కాలేజీ పని ఆయనకి వెళ్ళకుండా నేను చూసుకుంటాలే.”

మేడం మంచిదే. పిల్ల గెలవాలనే అంది. ఇఫ్రాకు అప్పటికే తన టిక్కు గుర్తొచ్చింది. అయినా “సరే మేడం” అని పెడన బస్సెక్కింది.

ఇంటికొచ్చి సగమే చెప్పింది, బోర్డు తిరగబడిందని. జాహిద్ ఉలి పక్కన పెట్టి, బోర్డు తీసుకుని కిటికీ దగ్గర చూశాడు. సర్క్యూట్ అంటే ఏంటో ఆయనకు తెలియదు.

“ఈ కన్నాలు అవతలికి ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“బట్టయితే రంగు అవతలికి దిగుతుంది, తిప్పి కట్టుకుంటారు. దీన్ని తిప్పకూడదా?”

“అట్లా కాదబ్బా, చిప్పులు ఇటు వైపు నుంచే...” అంటూ మొదలుపెట్టిన ఇఫ్రా ఆగిపోయింది. తిరగబడిన బోర్డుకు అవతలి వైపు నుంచి చిప్పు పెడితే ఒకటో కాలు ఒకటో చోటికే వస్తుంది. కాళ్ళను కాస్త ఎత్తుగా ఉంచి రాగి వైపే టంకం పెట్టుకోవాలి. కష్టమే, కాని అయ్యే పని. ఆమె బోర్డు లాక్కుని అక్కడికక్కడే చిప్పు పెట్టి చూసింది. సరిపోయింది.

జాహిద్ నవ్వలేదు. “బాగుపడింది సరే. దారం ఏది కట్టావు?”

ఆయన పనిచేసే షెడ్డులో ఒక పద్ధతుంది. తప్పు పడ్డ బట్ట అంచుకు దారం కడతారు. తప్పు అచ్చు చెక్కినవాడిదయితే ఎర్రది, అద్దినవాడిదయితే నల్లది. షావుకారు దారం చూసి, ఆ మనిషినే పిలిచి అడుగుతాడు. ఒకరి మాట ఇంకొకరు పడక్కర్లేదు.

“మేడం నల్లదారం కట్టమన్నారబ్బా.”

“మేడం సంగతి కాదు. చెక్కిందెవరు?”

ఆమినాబీకి ఒళ్ళు మండింది. “ఎర్రదారం కట్టుకుని వెళ్తే బహుమతి ఎవరిస్తారండీ? తప్పు చేశానని చెప్పుకున్న పిల్లకి స్కాలర్‌షిప్ ఇస్తారా? ఆ ఆటోనగర్ ఆయనకి కాలేజీ కాకపోతే ఇంకో పని దొరుకుతుంది. దీనికి ఇంకో చదువు దొరుకుతుందా?”

“దొరకదు” అన్నాడు జాహిద్. “నేను కట్టమనట్లేదు, వద్దనట్లేదు. ఎవరి దారం వాళ్ళే కట్టుకోవాలి.” మళ్ళీ ఉలి అందుకున్నాడు.

రిపోర్టు పది పేజీలకు అయిపోయింది. ఇఫ్రా పదకొండో పేజీ రాసింది. ఫిలిం తిప్పింది నేనే, ఎందుకు తిప్పానంటే ఇందుకు, జాన్‌బాబు గారు నేనిచ్చింది ఇచ్చినట్టే చేశారు, బోర్డును ఇలా బాగుచేసుకున్నాను అని. పద్మశ్రీ మేడం ఆ పేజీ చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఇంత నిజాయితీ పరీక్షల్లో కూడా చూపించకు తల్లీ, దిద్దేవాళ్ళ గుండెలాగిపోతాయి” అంటూనే సంతకం పెట్టింది. ఆటోనగర్‌కు కాలేజీ పని ఆగలేదు.

రెండు నెలలకు బెంగుళూరు పిలిచారు. ముగ్గురు కూర్చుని ఉన్నారు. అందులో ఒక పెద్దావిడ వేరే పేజీ ఏదీ తియ్యకుండా పదకొండోది తీసి, అచ్చుల గురించి చెప్పమంది. ఎర్ర రంగు మీద నల్ల రంగు వెంట్రుకవాసి జరక్కుండా ఎలా పడుతుందని అడిగింది. ఇఫ్రా బల్ల మీద వేలితో గీసి చూపించింది. చిప్పు కూడా పొర మీద పొరగా అలాగే అచ్చవుతుందని ఆవిడ చెప్తుంటే, ఇఫ్రా తను వచ్చింది ఇంటర్వ్యూకి అన్న సంగతే మర్చిపోయింది.

“ఫస్ట్ మీరేనా మేడం?” అడిగాడు దుర్గాప్రసాద్.

“మూడు. ముగ్గురిలో మూడు. ఉత్తరంలో ఎందుకిచ్చారో ఏమీ రాయలేదు. పదకొండో పేజీ వల్ల వచ్చిందో, అది ఉన్నా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదండీ. మా అమ్మ మాత్రం రెండోదే అంటుంది.”

ఆ ఉత్తరం పట్టుకుని ముందు వెళ్ళింది ఆటోనగర్‌కే, బందరు లడ్డూలతో. జాన్‌బాబుకు పోటీ సంగతే తెలియదు. తన పేరు బెంగుళూరు దాకా వెళ్ళిందని విని, చేతులు గుడ్డకు తుడుచుకుని, లడ్డూ తీసుకుని, సిగ్గుపడుతూ అసలు మాట చెప్పాడు.

“నాకు అప్పుడే అనుమానం వచ్చిందమ్మా. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి గదా. పెద్ద చదువులు, ఇదేదో కొత్త పద్ధతేమో, అడిగితే బాగోదేమోనని ఊరుకున్నాను.”

దుర్గాప్రసాద్ టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. ఇఫ్రా కూడా నవ్వింది. ఆ ఎంటెక్, ఆ తర్వాత హైదరాబాదులో నాలుగేళ్ళ ఉద్యోగం, ఇప్పుడీ ల్యాబు అన్నీ ఆ మూడో స్థానం పెట్టిన భిక్షేనని ఆమె అనుకుంటుంది. ఆ కంపెనీ ఆవిడకూ, సంతకం పెట్టిన మేడంకూ, తిప్పి చూడమన్న అబ్బాకూ రంజాన్ నెలంతా పేరుపేరునా దువా చేస్తుంది. ఆ వరసలో జాన్‌బాబూ ఉంటాడు.

యూపీఎస్ మీద పచ్చదీపం వెలిగింది. అతను సంచి సర్దుకున్నాడు. ఇఫ్రా బీరువాలోంచి ఒక కవరు తీసింది.

“మీ షాపు ఆటోనగర్‌లోనే కదండీ. ఈ ఏడు అదే పోటీకి మా పిల్లలు నలుగురు పంపుతున్నారు. ఈ ఫిలిమ్‌లు జాన్‌బాబు గారికి ఇవ్వండి. ఏ ఒక్కదాని మీద అనుమానం వచ్చినా పని మొదలుపెట్టకుండా నాకు ఫోన్ చెయ్యమనండి. నేను చెప్తే ‘సరేనమ్మా’ అంటారు గాని చెయ్యరు. మొహమాటపడొద్దని మీరు కాస్త గట్టిగా చెప్పి రండి.”